మనోబింబ తారతమ్యం – దానిని కొలిచే మార్గాలు : ఒక పరిశీలన

కావ్యపాఠం చెప్పే ఉపాధ్యాయులందరికీ ఒక అలవాటు ఉంటుంది. వర్ణన శ్లోకం దగ్గరకు రాగానే "కళ్లు మూసుకొని ఆ దృశ్యాన్ని ఒక్కసారి భావించండి" అంటాము. నేనూ చాలా సంవత్సరాలు అలాగే అన్నాను. చౌడేపల్లె పరిసర గ్రామాల నుంచి వచ్చే విద్యార్థులకు పర్వతవర్ణన బోధించవలసి వచ్చినప్పుడు హిమాలయం జోలికి పోకుండా, వారందరూ ఎక్కి దిగిన బోయకొండనే తలచుకొమ్మనేవాడిని. ఒకసారి ఒక విద్యార్థి లేచి, "కొండ తెలుసు సార్. గంగమ్మ గుడి యాడుందో, దారి ఎట్ల పోతుందో చెప్తాను. కండ్ల ముందర మాత్రం ఏమీ రాదు" అన్నాడు. తరగతి నవ్వింది. అతనికి భావుకత లేదని నేను అందరి ఎదుటా అన్నాను. ఆ మాట తప్పని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ గ్రహింపుకు దారితీసిన విషయాలనే ఈ వ్యాసంలో విద్వాంసుల ముందు ఉంచదలచాను.

ముందుగా పరిభాష. ఎదుట లేని వస్తువు మనస్సులో ఇంద్రియానుభవాన్ని పోలిన రూపంతో తోచడాన్ని ఇక్కడ 'మనోబింబం' అంటున్నాను. అది కంటికి సంబంధించినదే కానక్కరలేదు. చెవిలో మోగే రాగం, నాలుకకు తోచే పులుపు కూడా మనోబింబాలే. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి తమ ప్రసంగాలలో మనిషి ఇతరుల గురించి కట్టుకొనే 'ప్రతిమ'లను విమర్శించిన సంగతి ఈ ప్రాంతపు పాఠకులకు పరిచితమే. అది అభిప్రాయాలకు, పూర్వస్మృతులకు సంబంధించిన విషయం. ఈ వ్యాసంలోని బింబం అది కాదు.

గాల్టన్ ప్రశ్నావళి

మనుషులందరికీ మనోబింబాలు ఒకే తీరుగా ఉంటాయన్న నమ్మకాన్ని తొలిసారి పెద్ద ఎత్తున పరీక్షకు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన వ్యాసం 1880లో 'మైండ్' పత్రికలో వెలువడింది. ఆయన అడిగినది చాలా సామాన్యమైన ప్రశ్న: ఈ ఉదయం మీరు కూర్చున్న ఫలాహారపు బల్లను తలచుకోండి, ఆ చిత్రంలో వెలుగు ఎంత, అంచులు ఎంత స్పష్టం, రంగులు ఎంత సహజం? ఆయన ముందుగా అడిగిన వారిలో శాస్త్రజ్ఞులు ఎక్కువమంది. వారిలో అనేకులు అసలు అటువంటి చిత్రం ఉంటుందన్న సంగతే తమకు తెలియదనీ, 'మనోనేత్రం' అనేది కవుల అలంకారం మాత్రమేనని ఇంతకాలం అనుకొన్నామనీ జవాబిచ్చారు. సామాన్య జనులను అడిగితే మాత్రం, ఎదుట ఉన్నట్లే కనిపిస్తుందన్నవారు చాలామంది తేలారు. దీనిని బట్టి శాస్త్రచింతన బింబశక్తిని క్షీణింపజేస్తుందని గాల్టన్ ఊహించాడు. ఈ నిర్ణయం నిలవలేదు. 2006లో బ్రూయర్, షోమర్-ఐకిన్స్ అనే పరిశోధకులు ఆ ప్రశ్నలనే తిరిగి పరిశీలించి, శాస్త్రజ్ఞులలో అటువంటి లోపమేమీ లేదని చూపించారు. నిర్ణయం పోయినా ప్రశ్న మిగిలింది. మనుషులలో ఈ విషయంలో తేడా ఉన్నదన్న మూలసంగతి నేటికీ చెక్కుచెదరలేదు.

ఆ శాస్త్రజ్ఞుల జవాబు తెలుగువారికి మరింత చోద్యంగా తోచాలి. 'కళ్లకు కట్టినట్లు' అన్న మాట మనం రోజూ వాడతాము. హరికథ బాగుంటే కళ్లకు కట్టినట్లు చెప్పాడంటాము. కోర్టులో సాక్షి చెప్పిన తీరుకూ అదే మాట. ఆ నుడికారం అందరిదీ కావడం వల్ల దాని వెనుక ఒకరికి నిజమైన రూపదర్శనం, మరొకరికి కేవలం చక్కని అవగాహన ఉన్నా ఎవరికీ తెలియదు. మాట ఒకటైనందున అనుభవమూ ఒకటేనని భ్రమిస్తాము. ఒక మనిషి తన జీవితమంతా ఈ మాటను వాడి, అది అలంకారం కాదని నడివయస్సులో తెలుసుకోవడం సాధ్యమే. నేటి పరిశోధకులకు అటువంటివారు తరచుగా తటస్థపడుతున్నారు.

గాల్టన్ తరువాత ప్రశ్నావళులు క్రమంగా పదునెక్కాయి. 1909లో బెట్స్ 150 ప్రశ్నలతో ఏడు విధాల ఇంద్రియానుభవాలను విచారించాడు. దానిని 1967లో షీహన్ 35 ప్రశ్నలకు కుదించాడు. నేడు అత్యధికంగా వాడుకలో ఉన్నది డేవిడ్ మార్క్స్ 1973లో ప్రకటించిన 16 ప్రశ్నల పట్టిక. ఇందులో నాలుగు సన్నివేశాలు ఉంటాయి: తరచు చూసే ఒక బంధువు లేక మిత్రుడు, ఉదయిస్తున్న సూర్యుడు, తరచు వెళ్లే దుకాణం, చెట్లూ కొండలూ సరస్సూ ఉన్న ప్రకృతి. ఒక్కొక్క సన్నివేశం మీద నాలుగు ప్రశ్నలు. కంటితో చూసినంత స్పష్టం మొదలు అసలు ఏ బింబమూ లేకుండా కేవలం 'తలచుకొంటున్నాననే తెలివి' వరకు అయిదు మెట్లు. ఈ చివరి మెట్టును పట్టికలో చేర్చడం మార్క్స్ వివేకానికి గుర్తు. బింబం లేకపోయినా జ్ఞానం ఉండవచ్చునని ఆ మెట్టు ఒప్పుకొంటున్నది. బోయకొండ గురించి నా విద్యార్థి చెప్పినది సరిగ్గా ఆ మెట్టే.

జ్ఞానం ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ప్రశ్నావళి అడిగేది వస్తువు గురించి కాదు, వస్తువును గురించిన జ్ఞానం గురించి. అంటే జవాబు చెప్పేవాడు తన జ్ఞానాన్ని తానే విషయంగా చేసుకోవాలి. మన శాస్త్రాలలో ఈ ప్రశ్న ఎంత లోతుగా చర్చించబడిందో ఓరియంటల్ కళాశాలల అధ్యాపకులకు వేరుగా చెప్పనక్కరలేదు. నైయాయికులు 'ఇది ఘటం' అన్న వ్యవసాయజ్ఞానం తరువాత 'ఘటాన్ని ఎరుగుదును' అన్న అనువ్యవసాయం మనస్సుచేత కలుగుతుందంటారు. ప్రాభాకరులకు జ్ఞానం స్వప్రకాశం. దానిని తెలుసుకోవడానికి మరొక జ్ఞానం అవసరం లేదు. భాట్టులు మాత్రం జ్ఞానం ప్రత్యక్షం కాదనీ, వస్తువులో కలిగిన జ్ఞాతత అనే కార్యాన్ని బట్టి దానిని ఊహించాలనీ చెబుతారు.

మనోబింబాన్ని కొలిచే నేటి పద్ధతులు కూడా ఈ దారులలోనే చీలిపోయాయి. ప్రశ్నావళి అనువ్యవసాయాన్ని నమ్ముకొంటుంది. ప్రయోగశాల భాట్టుల తోవన పోతుంది. లోపలి జ్ఞానాన్ని అడగదు, దాని కార్యాన్ని చూసి లెక్క కడుతుంది. ఈ పోలికను ఇంతకు మించి లాగరాదు. అనువ్యవసాయం నిజమా కాదా అన్నది నైయాయికుని చింత. నేటి పరిశోధకుని చింత వేరు: నేను 'నాలుగు' అన్న స్పష్టత, ఎదుటివాడు 'నాలుగు' అన్న స్పష్టత ఒకటేనా? ఎవరి జ్ఞానం గురించి వారు నిజమే చెప్పినా ఇద్దరినీ ఒకే తూనికరాయితో తూచగలమన్న హామీ లేదు.

ఈ సందర్భంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర బోధనకు, పరిశోధనకు పేరు తెచ్చిన కోనేరు రామకృష్ణారావు (1932–2021) గారిని స్మరించడం సముచితం. భారతీయ దర్శనాలలోని చిత్తవిచారాన్ని మ్యూజియం వస్తువుగా కాక నేటి మనస్తత్వశాస్త్రంతో సమానస్థాయిలో చర్చకు పెట్టాలని ఆయన జీవితాంతం వాదించారు. ఆ వాదానికి ఇటువంటి చోట్లనే బలం చేకూరుతుంది. అయితే మనవారు అన్నీ ముందే చెప్పారనడం వేరు, మనవారి ప్రశ్నలతో కొత్త ప్రయోగాలను పరీక్షించడం వేరు. మొదటిది సులభం గనుక దానికే అనుయాయులు ఎక్కువ.

కార్యాన్ని బట్టి ఊహించడం

1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్స్‌లర్ అమెరికాలో చేసిన ప్రయోగం ఈ మార్గంలో మైలురాయి. ఘనాలను అంటించి చేసిన రెండు ఆకారాల బొమ్మలను చూపి, అవి ఒకే వస్తువును వేర్వేరు వైపుల నుంచి చూపుతున్నవా కాదా అని అడిగారు. రెంటి మధ్య కోణం పెరిగేకొద్దీ జవాబుకు పట్టే కాలం కూడా సమంగా పెరిగింది. సెకనుకు సుమారు 60 డిగ్రీల చొప్పున వస్తువును మనస్సులో తిప్పుతున్నట్లు తేలింది. తరువాత స్టీఫెన్ కోస్లిన్ ఒక దీవి పటాన్ని కంఠస్థం చేయించి, ఒక చోటి నుంచి మరొక చోటికి మనస్సులో వెళ్లమన్నప్పుడు దూరాన్ని బట్టి కాలం పెరుగుతుందని చూపాడు. మనస్సులో నిజంగా చిత్రం వంటిది ఉన్నదని ఆయన పక్షం. జెనాన్ పిలిషిన్ 1973 నుంచి దీనిని ఖండించాడు: లోపల ఉన్నది చిత్రం కాదు, వాక్యం వంటి జ్ఞానమే, చూస్తున్నప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి అలా నటిస్తున్నాము. ఈ వివాదం చదివినప్పుడు సాకారవాద నిరాకారవాదాలు గుర్తుకురావడం సహజం. జ్ఞానానికి ఆకారమున్నదని సౌత్రాంతికులు, విజ్ఞానవాదులు, లేదని నైయాయికులు, భాట్టులు అన్నారు. అయితే వారి వాదం ప్రధానంగా ప్రత్యక్షం గురించి, బాహ్యార్థం గురించి. రెండింటినీ ఒకటిగా కలపరాదు.

బొమ్మలు తిప్పే పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవాడికి స్పష్టమైన బింబాలు ఉన్నాయని చెప్పగలమా? చెప్పలేము. 2010లో ఆడమ్ జెమన్ బృందం ప్రకటించిన ఒక రోగి వృత్తాంతం ఇందుకు నిదర్శనం. 65 ఏళ్ల ఆ విశ్రాంత సర్వేయరుకు హృదయ చికిత్స తరువాత మనోబింబాలు పూర్తిగా పోయాయి. అయినా తిప్పే పరీక్షలో అతని జవాబులు సరిగానే ఉన్నాయి. కాలం మాత్రం కోణాన్ని అనుసరించి పెరగలేదు. అంటే అతడు వేరే ఉపాయంతో చేస్తున్నాడు. ఈ వృత్తాంతం చదివి, తమకు పుట్టుక నుంచే అటువంటి స్థితి ఉన్నదని కొందరు జెమన్‌కు తెలియజేశారు. 2015లో జెమన్ ఆ స్థితికి అరిస్టాటిల్ వాడిన 'ఫాంటేసియా' శబ్దం నుంచి 'అఫాంటేసియా' అని పేరు పెట్టాడు. తెలుగులో 'నిర్బింబత' అనవచ్చు. 2022లో ప్రకటితమైన ఒక లెక్క ప్రకారం బింబాలు లేనివారు, అతి మసకగా ఉన్నవారు కలిసి నూటికి నలుగురు; అసలే లేనివారు నూటికి ఒక్కరి కంటే తక్కువ. ఆ లెక్క ఇంగ్లీషు మాట్లాడేవారి మీద తీసినది. అయినా యాభైమంది తరగతిలో ఒకరిద్దరు ఇటువంటివారు ఉండవచ్చునని ఉపాధ్యాయుడు గుర్తుంచుకొంటే నష్టం లేదు.

ఇటీవలి పద్ధతులలో నాకు అత్యంత ఆశ్చర్యం కలిగించినవి రెండు. ఒక కంటికి ఎర్రని బొమ్మ, మరొక కంటికి పచ్చని బొమ్మ ఒకేసారి చూపితే మనకు రెండూ కలిసి కనిపించవు. ఏదో ఒకటి పైచేయి అవుతుంది. ముందుగా ఎర్రని బొమ్మను మనస్సులో భావించి ఉంటే, తరువాత ఎర్రనిదే పైచేయి కావడం ఎక్కువ. జోయెల్ పియర్సన్ బృందం 2008 నుంచి దీనిని కొలతగా వాడుతున్నది. 2018లో నిర్బింబులను పరీక్షిస్తే వారిలో ఈ మొగ్గు కనిపించలేదు. రెండవది కనుపాప. వెలుగును చూస్తే కనుపాప చిన్నదవుతుంది. వెలుగును భావించినా కొద్దిగా చిన్నదవుతుంది. 2022లో ప్రకటించిన ప్రయోగంలో నిర్బింబుల కనుపాపలు నిజమైన వెలుగుకు మామూలుగానే స్పందించాయి, భావించిన వెలుగుకు స్పందించలేదు. వారు ప్రయత్నమే చేయలేదేమోనన్న శంకకు కూడా అందులో సమాధానం ఉన్నది: ఒకటికి బదులు నాలుగు ఆకారాలు భావించమన్నప్పుడు శ్రమవల్ల వారి కనుపాపలు అందరివలెనే పెద్దవయ్యాయి. నా విద్యార్థి ప్రయత్నించలేదని నేను నిశ్చయించుకొన్నానన్నది ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

బింబంలోనూ రెండు పాయలున్నాయి: రంగూ రూపమూ చూసేది ఒకటి, స్థానమూ దిక్కూ ఎరిగేది మరొకటి. 2006లో బ్లాజెంకోవా, కోజెవ్నికోవ్, మోట్స్ ఈ రెండింటికీ వేర్వేరు ప్రశ్నలతో పట్టిక కూర్చారు. విల్మా బెయిన్‌బ్రిడ్జ్ బృందం 2021లో ఒక గది ఛాయాచిత్రాన్ని చూపి జ్ఞాపకం నుంచి గీయమంటే, నిర్బింబులు వస్తువులనూ రంగులనూ తక్కువగా గీశారు. గీసిన వాటి స్థానాలలో మాత్రం తప్పు చేయలేదు. గుడి యాడుందో చెబుతాను అన్న మాటకు ఇంతకంటే వ్యాఖ్య అక్కరలేదు.

అవధానంలో బింబం

తెలుగువారికి ఈ విషయాన్ని పరీక్షించడానికి అనువైన రంగస్థలం ఒకటి ఉన్నది. అది అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసి జనప్రియం చేసిన ఈ విద్యలో ధారణ ప్రాణం. అవధాని పద్యాలను ఎలా నిలుపుకొంటాడు? కొందరు అక్షరాలు కనిపిస్తాయంటారని, కొందరు నడక చెవిలో ఆడుతుందంటారని అనుకోవడానికి అవకాశమున్నది. ఛందస్సు, యతిప్రాసలు నాదానికి చెందినవి గనుక పద్యధారణకు చెవి చాలు. ఘనపాఠం చెప్పే వేదపండితుడు కూడా పుట చూడడు. అయినా 2016లో 21 మంది వేదపండితుల మెదళ్లను పరిశీలించిన జేమ్స్ హార్ట్‌జెల్ బృందం భాషకు, జ్ఞాపకానికి చెందిన భాగాలతోపాటు దృష్టికి సంబంధించిన భాగాలలో కూడా విశేషం కనుగొన్నది. కనుక తొందరపడి తీర్పు చెప్పరాదు.

వ్యస్తాక్షరి విషయం వేరు. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఏడవది ఇది, రెండవది ఇది అని నడుమ నడుమ అందిస్తాడు. అవధాని వాటిని తమ తమ గడులలో కూర్చి చివరకు వాక్యం చెప్పాలి. ఇక్కడ నాదక్రమం ముందుగా లేదు. గడులు కనిపిస్తున్నవా, లేక సంఖ్యకు అక్షరాన్ని ముడివేసి ఉంచుతున్నాడా?

ఇంచుమించు ఈ ప్రశ్ననే 1890ల నాటికి ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే వేరొక రూపంలో వేసుకొన్నాడు. ఇనోది, డియామాండి అనే ఇద్దరు గణితధురంధరులు ఆయనకు లభించారు. ఇనోది తనకు అంకెలు వినిపిస్తాయనేవాడు, డియామాండి కనిపిస్తాయనేవాడు. బినే అయిదు వరుసల్లో 25 అంకెల చదరం ఇచ్చి, దానిని అడ్డంగా, నిలువుగా, సుళ్లు తిరుగుతూ చెప్పమని కాలాన్ని లెక్కించాడు. క్రమం మారినప్పుడు ఇనోదికి ఆలస్యం ఎక్కువైంది. అయితే ఇది చివరి మాట కాలేదు. 1912లో మేబెల్ ఫర్నాల్డ్ అక్షరాల చదరాలతో పరీక్షించి, స్పష్టంగా కనిపిస్తున్నదనేవారు కూడా మనోబింబాన్ని కాగితం చదివినట్లు ఎటుబడితే అటు చదవలేరని తేల్చింది. బినే తానే కళ్లు మూసుకొని చదరంగమాడేవారిని కూడా విచారించి 1894లో గ్రంథం వ్రాశాడు. పలక మొత్తం చిత్రంగా కనిపిస్తుందని ఆయన ఆశించాడు. చాలామంది సమర్థులు మాత్రం పావుల రంగూ రూపూ కనిపించవనీ, వాటి బలాల దిక్కులే తెలుస్తాయనీ చెప్పారు.

ఈ పరీక్షను అవధానవేదిక మీదికి తేవడం కష్టం కాదు. వ్యస్తాక్షరి పూర్తయిన తరువాత వాక్యాన్ని వెనుక నుంచి చెప్పమనవచ్చు, సరిసంఖ్యల అక్షరాలను మాత్రమే అడగవచ్చు, కాలాన్ని గుర్తించవచ్చు. అవధానిని మొదట ఆయన అనుభవం అడిగి వ్రాసుకొని, ఆపై కాలాలను దానితో సరిపోల్చాలి. అనువ్యవసాయమూ కార్యానుమానమూ ఒకే మనిషిలో ఎదురెదురుగా నిలిచే సందర్భం ఇది. సభామర్యాదకు భంగమనుకొంటే సభానంతరం చేయవచ్చు.

సహృదయుని ప్రశ్న

సాహిత్యశాస్త్రానికి ఇందులో నొప్పి కలిగించే అంశం ఒకటి ఉన్నది. భట్టతౌతుడు కవికి దర్శనమూ వర్ణనా రెండూ కావాలన్నాడు. భావికాలంకారం భూతభవిష్యద్వస్తువులను ప్రత్యక్షాలవలె తోపింపజేస్తుందన్నారు. అభినవగుప్తుడు శాకుంతలంలోని పారిపోతున్న లేడి శ్లోకాన్ని తీసుకొని, వాక్యార్థం తెలిసిన వెనుక అధికారియైన శ్రోతకు మానసమైన సాక్షాత్కారం వంటి ప్రతీతి కలుగుతుందన్నాడు. ఆ సాక్షాత్కారం రూపదర్శనమే అయితే నిర్బింబుడు అధికారి కాడు. 2021లో వికెన్, కియో, పియర్సన్ చేసిన ప్రయోగం ఈ పూర్వపక్షానికి బలమిచ్చేట్లు ఉన్నది: భయానక కథ చదివేటప్పుడు చర్మంలో కలిగే విద్యుత్ మార్పు నిర్బింబులలో చాలా తక్కువ, భయంకరచిత్రాలు చూపితే మాత్రం అందరితో సమానం.

నా అభిప్రాయం వేరు. చర్మంలోని మార్పు లౌకికభయానికి కొలత, భయానకరసానికి కాదు. లౌకికభావమూ రసమూ ఒకటి కావని అభినవగుప్తుడే గట్టిగా వాదించాడు. ఇక రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభావంతునికి చూడనివి కూడా ప్రత్యక్షమే అవుతాయంటూ, మేధావిరుద్రుడు, కుమారదాసుడు వంటి పుట్టుగుడ్డి కవులను ఉదాహరించాడు. రూపం ఎన్నడూ చూడనివాడికి కలిగే ప్రత్యక్షం కంటి బింబం కాజాలదు. కనుక 'సాక్షాత్కారం' అన్న శబ్దం అవ్యవహితమైన ప్రతీతిని చెబుతున్నదే గాని లోపల బొమ్మ కట్టడాన్ని కాదు. నేటి కాలంలోనూ, పిక్సార్ సంస్థ స్థాపకులలో ఒకడైన ఎడ్ క్యాట్‌ముల్ తనకు మనోబింబాలు లేవని 2019లో ప్రకటించాడు. జీవితమంతా కదిలే బొమ్మల మధ్య గడిపినవాడు ఆయన.

ధ్యానశ్లోకాలు బోధించేచోట ఈ విషయం మరింత సున్నితం. దేవతారూపం మనస్సులో నిలవడం లేదని నొచ్చుకొనే సాధకులను మనమెరుగుదుము. అది భక్తిలోపమని వారికి చెప్పే ముందు, వారికి తల్లి ముఖం తలచుకొన్నా అదే స్థితి కలుగుతుందేమో అడిగి తెలుసుకోవాలి.

చివరగా ప్రశ్నావళి మాట. మార్క్స్ పట్టికను తెలుగు చేసేటప్పుడు 'స్పష్టం' అన్న ఒక్క పదం చాలదు. బాగా అర్థమైనదానిని కూడా మనం స్పష్టమే అంటాము. 'కనిపిస్తున్నదా' అంటే 'తెలుస్తున్నదా' అన్న అర్థంలో జవాబు వచ్చే ప్రమాదమున్నది. అందుచేత రెండు రకాల ప్రశ్నలను పక్కపక్కన ఉంచడం మంచిదని తోస్తున్నది. ఉదాహరణకు పుంగనూరు ఆవు. దాని వీపు మీ నడుముకు పైకి వస్తుందా, కిందుగా ఉంటుందా అని మొదట అడగాలి. దీనికి జవాబు బింబం లేకుండానే చెప్పవచ్చు. ఆ తరువాత, ఆ జవాబు చెప్పేటప్పుడు ఆవు రంగు కనిపించిందా, ఎటు తిరిగి నిలిచి ఉన్నది, నీడ ఉన్నదా అని అడగాలి. మొదటిదానికి తడుముకోకుండా జవాబిచ్చి రెండవదానికి "రంగా? రంగేమీ లేదే" అన్న విద్యార్థి జవాబును తప్పుగా దిద్దకుండా, ఉన్నది ఉన్నట్లు నమోదు చేయాలి. బోయకొండ దారిని కూడా ఇప్పుడు నేను తరగతిలో రెండు విధాలుగా అడుగుతున్నాను: వర్ణించగలవారు వర్ణించవచ్చు, లేనివారు నల్లబల్ల మీద గీసి చూపవచ్చు.